వాడరేవు నీళ్ళలో నా పెళ్ళిసంబంధం

ఎనభైల్లో మా గుంటూరు వైపు పెళ్ళికొడుకు ఉద్యోగం ఒక్కో నోరు దాటేసరికి ఒక్కో ప్రమోషన్ పుచ్చుకునేది. మిరపకాయల యార్డులో నా పని బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునున్న కాయల్లో నాలుగు మచ్చుకి లాగి షావుకారుకు చూపించడం. పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా తుమ్మడం కూడా అందులో భాగమే, దానికి వేరే జీతం లేదు. నల్లపాడు చర్చి దగ్గర హెడ్మాస్టరు గారికి నా సంగతి చెప్పేటప్పుడు మా పెద్దమ్మ "కొట్లో గుమస్తా అండీ, ఫ్యాను కింద కుర్చీ" అంది. ఫ్యాను ఉన్నమాట నిజమే, అది షావుకారు నెత్తిమీద తిరిగేది. నేను అప్పుడే కాదనాల్సింది. కానీ ఆదివారం ఆరాధనలో హెడ్మాస్టరు గారి అమ్మాయి పాట అందుకుంటే నాకు పుస్తకంలో పేజీ దొరికేది కాదు. ఆ పిల్ల దక్కకపోతే ఇక నా బతుకెందుకు అనుకునే వయసు. నోరు మూసుకున్నాను.

ఆ అమ్మాయి అన్నయ్య ఓడలో పనిచేసేవాడు. ఆ ఏడు సెలవుకి వస్తూ ఒక వింత కళ్ళద్దం తెచ్చాడు. కళ్ళనీ ముక్కునీ కలిపి మూసేసే రబ్బరు చట్రం, దానికి ఒకే పెద్ద అద్దం, నోట్లో పెట్టుకోవడానికి ఒక వంకర గొట్టం. అది తగిలించుకుని సముద్రంలో మొహం పెడితే అడుగున చేపలు తిరగడం కనపడుతుందట. "దేవుడి సృష్టి, ఒక్కసారి కళ్ళారా చూడాలి" అని హెడ్మాస్టరు గారు ముచ్చటపడ్డారు. "ఆ అబ్బాయిని కూడా రమ్మనండి, గుణం తెలుస్తుంది" అన్నారట. అంటే పరీక్షన్నమాట. చీరాల మీదుగా వాడరేవు చేరి ఒక చేపల పడవ మాట్లాడుకున్నాం. తండ్రి, కొడుకు, కూతురు, నేను, పడవ నడిపే ఆయన, మొత్తం ఐదుగురం. నా ఒంటిమీద అరువు చొక్కా, భుజాన తువ్వాలు. యార్డులో ముక్కుకి కట్టుకునే తువ్వాలే, రెండుసార్లు ఉతికాను. (మిరప ఘాటు రెండు ఉతుకులకి వదులుతుందనుకున్న మనిషి మూడేళ్ళు ఆ యార్డులో ఏం నేర్చుకున్నట్టు?)

ఒడ్డు దగ్గర కుడితిలా ఉన్న నీళ్ళు లోపలికి పోయేసరికి కాస్త తేటపడ్డాయి. ముందు అన్నయ్య దూకి, తేలి, "రెండు పీతలు, బోలెడు ఇసక" అన్నాడు. తరవాత నా వంతు. సాగర్ కాలువలో ఈదినవాణ్ణి, నీళ్ళంటే భయం లేదు. అద్దం మసగ్గా ఉందని తువ్వాలుతో లోపలంతా శుభ్రంగా తుడిచి, తగిలించుకుని, అమ్మాయి చూస్తోందని నిర్ధారించుకుని మరీ దూకాను. ఏదో చేప తోక కనపడింది. మరుక్షణం కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. మూడేళ్ళ మిరప నా మొహం మీదికి వచ్చి కూర్చుని తలుపు వేసుకుంది. చుట్టూ సముద్రమంత నీరుంది, నా కళ్ళకి మాత్రం ఒక్క చుక్క అందదు. ఎలాగో అద్దం పీక్కుని పడవ అంచు పట్టుకుని పైకెక్కాను.

"ఏమయ్యా, ఆ కళ్ళేంటి?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఉప్పండి."

"ఎట్టా ఉంది లోపల?"

"అద్భుతమండి" అన్నాను, ధారగా ఏడుస్తూ.

"అయితే ఇటివ్వు" అని అద్దం అందుకున్నారు. బల్ల మీదున్న నా తువ్వాలు తీసి, బళ్ళో నల్లబల్ల తుడిచినంత శ్రద్ధగా మూలమూలలా తుడవడం మొదలుపెట్టారు. ఒక్క మాట చాలు. "మేష్టారండీ, అది బస్తాల దగ్గర తువ్వాలు" అంటే అయిపోయేది. కానీ ఆ మాటతో ఫ్యానూ, కుర్చీ, పిల్లా అన్నీ పోతాయి. నోరు తెరిచాను. "జాగ్రత్తండి, అంచు గట్టిగా పట్టుకోండి" అన్న మాట బయటికొచ్చింది.

ఆయన పడవ అంచు మీంచి వంగి మొహం నీళ్ళలో పెట్టారు. కొడుకు నడుం పట్టుకున్నాడు. కాసేపటికి గొట్టంలోంచి ఒక కేక వచ్చింది. అది మనిషి కేకని పోల్చుకోవడానికి కూడా మాకు కొంచెం సేపు పట్టింది.

"జెల్లిచేపేమన్నా తగిలిందేమోనండి" అన్నాడు పడవాయన.

"అవునవును, నాకూ అదే తగిలింది" అన్నాను, ఎంత పాపిష్టివాణ్ణో చూడండి. ఆయన అదే తువ్వాలు తీసుకుని కళ్ళకి అదుముకున్నారు. "అమ్మాయ్, నాకు చూపు పోయిందే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆ అమ్మాయి తువ్వాలు లాక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుని, మూడు తుమ్ములు తుమ్మింది. నా వంక ఒక్కసారి చూసింది. తరవాత అన్నంలోకి తెచ్చిన మజ్జిగలో పైటచెంగు తడిపి తండ్రి కళ్ళమీద వేసింది. మజ్జిగ మిరప మంటకి వేస్తారు గానీ జెల్లికి ఎవరూ వెయ్యరు. ఒడ్డు చేరేదాకా సముద్రంలోకి దూకి మళ్ళీ తేలకుండా ఉండిపోదామనిపించింది.

ఒడ్డున తాటిచెట్ల నీడలో ఆయన్ని పడుకోబెట్టారు. సాయంత్రానికి ఎర్రగానే అయినా కళ్ళు తెరిచారు, అందరూ కనపడుతున్నారన్నారు. అప్పుడా అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"మీరు బస్తాల దగ్గర పనిచేస్తారని నాన్నకి ముందే తెలుసండీ. యార్డులో కనుక్కునే వచ్చారు. కష్టపడే పిల్లాడు, మన పిల్లని బాగా చూసుకుంటాడు అన్నారు."

అలవాటుగా భుజం మీద తువ్వాలు కోసం తడుముకున్నాను.

"చూపు పోయిందని ఆయన ఏడుస్తుంటే కూడా మీరు చెప్పలేదు" అని వెళ్ళిపోయింది. మరుసటి వారం పెద్దమ్మ మొహం వేలాడేసుకుని వచ్చి, వాళ్ళు వద్దనుకున్నారని చెప్పింది. ఎందుకో ఆమెకి నేను చెప్పలేదు.

తరవాత వేరే పెళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, బాగానే ఉన్నాను. కానీ ఇప్పటికీ ఒక్కోసారి పొద్దున్నే కాఫీ తాగుతుంటే ఆ పడవ గుర్తొస్తుంది. కళ్ళెర్రగా, నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి చూసి నవ్వొస్తుంది, జాలేస్తుంది, రెండు తగిలించాలనీ అనిపిస్తుంది. ఒరేయ్, చెప్పరా, ఇంకా టైముంది, ఆయనింకా తుడుస్తూనే ఉన్నారు!