నా అన్నవారు

ఒకటో తారీకు వచ్చిందంటే మా వీధిలో పొద్దున్నే చిన్న సందడి మొదలవుతుంది. నంద్యాలలో మేముండే ఈ పాత పేటలో పింఛను తీసుకునే ముసలివాళ్లు ఎక్కువే. వాళ్ల కోసం వార్డు సచివాలయం నుంచి ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చి, వాకిట్లోనే కూర్చుని, వాళ్ల వేలిని ఒక చిన్న మిషను మీద నొక్కించి, నోట్లు చేతిలో పెట్టి పోతుంది. మొన్న మా పక్కింటి అవ్వ వేలు ఆ మిషనుకు ఎంతకూ ఆనలేదు. జీవితమంతా చాకిరీ చేసిన వేళ్లు, గీతలన్నీ అరిగిపోయాయి. తడి గుడ్డతో తుడిచి తుడిచి నొక్కిస్తూ, ఊసుపోక ఆ అమ్మాయి, ఇంట్లో ఇంకెవురూ లేరా అవ్వా అని అడిగితే, నాకెవురుండారు పాపా అని అవ్వ బోసినోటితో నవ్వేసింది. ఇదే ఊళ్లో ఆమెకు ఇద్దరు కొడుకులున్నారని నాకు తెలుసు, ఆ అమ్మాయికీ తెలిసే ఉంటుంది. వరండాలో పేపరు చదువుకుంటున్న నాకు ఆపైన ఒక్క అక్షరం కంటికి ఆనలేదు. ఆ మాట మా అమ్మ కూడా ఒకప్పుడు చెప్పవలసి వచ్చింది. ఆమెకు నవ్వు రాలేదు.

డెబ్బైల మొదట్లో సంగతి. మా నాయన దూది మిల్లులో పనిచేసేవాడు. ఒక వానాకాలం జ్వరం తగిలి, తగ్గుతుంది తగ్గుతుంది అనుకుంటుండగానే పోయాడు. అప్పటికి నేను హైస్కూల్లో చేరి ఏడాది కూడా కాలేదు. నాయన వైపు వాళ్లు కర్మకాండ అయ్యేదాకా ఉండి, తలా ఒక సలహా ఇచ్చి, ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. మిగిలింది అద్దెకున్న ఒంటి గది, అమ్మ, నేను. అమ్మ వేరుశనక్కాయల మిల్లులో కాయలు ఏరే పనికి కుదిరింది. పని ఉన్న రోజు కూలి, లేనినాడు లేదు. సీజను అయిపోయిందంటే మిల్లు గేటుకు తాళమే.

మా ఆకలి సంగతి పట్టించుకున్నవాడు ఒక్కడే, ఆళ్లగడ్డలో ఉండే మా మేనమామ. అమ్మకు ఒక్కగానొక్క అన్న. ఆయనేమీ ఆస్తిపరుడు కాదు, దొర్నిపాడు దారిలో కాస్త నల్లరేగడి చేను, దాని మీద బతికే అరడజను ప్రాణాలు. అయినా నెలకొకసారి ఆళ్లగడ్డ బస్సు టాపు మీద జొన్నల మూట వేసుకుని దిగేవాడు. మా గడప మీద కూర్చునేవాడు గానీ, ఆ మూట మా కుండల్లోకి ఖాళీ అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. చేత్తో ముట్టి చూడడం, ఇన్ని శేర్లని కొలవడం ఆయనకు తెలీదు, మూతి విప్పి ఒక్కసారిగా కుమ్మరించేవాడు. ఆ జొన్నలు కుండలోకి పడే జలజల శబ్దం వింటే, ఆ నెలకు బెంగ తీరిందనిపించేది నాకు. తర్వాత ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని, అప్పుడు నీళ్లు అడిగేవాడు.

అదిగో, ఆ రోజుల్లోనే మిల్లులో పనిచేసే ఒకామె, దిక్కులేని ఆడోళ్లకు గవర్నమెంటోళ్లు దుడ్లిస్తాండారంట అని అమ్మ చెవిన వేసింది. మొగుడు పోయి, సంపాదించే బిడ్డలు లేనివాళ్లకు నెలనెలా కొంత సొమ్ము మనియార్డరు వస్తుందట. ఎల్లకాలం కాదు, బిడ్డ చేతికి అందొచ్చేదాకా. అదీ ఏడాదికోసారి మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. నా స్కూలు ఫీజు కట్టలేక, నన్ను కూడా కాయలు ఏరడానికి తీసుకుపోదామా అని అమ్మ లోలోపల అనుకుంటున్న రోజులవి. నన్ను పనికి పంపకుండా ఉండాలంటే ఆ డబ్బు రావాలి, అంతే. అన్న మీద ఇంకెంత భారం వేస్తామని కూడా అనుకుందో ఏమో, ఆయనకు మాటమాత్రం చెప్పకుండానే నన్ను వెంటబెట్టుకుని తాలూకాఫీసుకు బయల్దేరింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, తాలూకాఫీసు ప్రహరీ గోడ పక్కన చిన్న బల్లలు వేసుకుని అర్జీలు రాసేవాళ్లు వరసగా కూర్చునేవాళ్లు. మాకు రాసినాయన పెద్దమనిషే, చేతిరాత ముత్యాల్లా ఉండేది, తిట్టడు, తొందరపెట్టడు. కాకపోతే ఆయన కలంలో మాటలు ముందే తయారుగా ఉండేవి, మనిషి మారినా మాటలు మారవు. రాసిందంతా మాకు పైకి చదివి వినిపించాడు. ‘నా అన్నవారు ఎవ్వరూ లేని నిరాధారనైన నేను’ అని ఆయన చదవగానే, వేలిముద్రకు చెయ్యి చాచిన అమ్మ గబుక్కున వెనక్కి తీసుకుంది.

“మా అన్న ఉండాడు గదప్పా. కలకాలం ఉండనీ ఆయప్పను. లేడని రాస్తాండావేంది?”

అక్షరం ముక్క రాని మా అమ్మ చెవికి ఆ మాట అట్లాగే వినబడింది. ఆ పెద్దాయనకు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వాపుకోలేకపోయాడు. పక్క బల్ల ఆయనకు కూడా చెప్పి మరీ నవ్వాడు. నా అన్నవారు అంటే నీ అన్న గాదమ్మా, నావాళ్లు అనుకునేటోళ్లు ఎవురూ లేరని దానర్థం, అట్ల రాస్తేనే మంజూరయితాది అని వివరించాడు. అమ్మ చాలాసేపు ఆ కాగితం వైపే చూసింది. ఆమెకు వివరణ తలకెక్కలేదని అప్పుడు నేననుకున్నాను. చివరికి వేలు పెట్టింది. ఇంటికొచ్చి, ఆ వేలి సిరాను బూడిదతో తోమి తోమి కడుక్కుంది.

కొన్నాళ్లకు విచారణకు ఆరై వచ్చాడు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. వెంట తలారి. ఆ వేళకే మామ బస్సు దిగి రావాలా? వచ్చాడు. జొన్నల మూట పక్కన పెట్టుకుని, మామూలుగా గడప మీద కూర్చుని ఉన్నాడు. మూట ఇంకా విప్పలేదు. ఆరై నిలబడే అర్జీ విప్పి, ఇందులో ఉండేదంతా నిజమేనామ్మా అంటూ పైకి చదవడం మొదలుపెట్టాడు. ‘నా అన్నవారు ఎవ్వరూ లేని’ అన్న మాట దగ్గర మామ తల ఎత్తాడు. ఆయనదీ మా అమ్మ చదువే, మా అమ్మ చెవులే. అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలచూపులు చూస్తూ ఉండిపోయింది.

ఈయనెవరు అని అడిగాడు ఆరై. ఆ క్షణం మామ నోటి నుంచి ఏ మాట వస్తుందోనని నేను ఆయన వైపే చూస్తున్నాను. నా చెల్లెలు సార్ అంటే చాలు, అర్జీ అక్కడికక్కడే చినిగిపోయినట్టే, నా చదువూ దానితో పాటే. మామ లేచి నిలబడి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“జొన్నలమ్మను వచ్చినా సార్. ఈ పక్కంతా తిరుగుతాంటా.”

ఆరై ఆయన్ను ఎగాదిగా చూసి, మరి కానీ, నీ బేరం చేసుకోపో అన్నాడు. ఆయన నిజంగానే నమ్మాడో, అన్నీ తెలిసి ఆడకూతురి మీద జాలిపడ్డాడో నాకు ఈనాటికీ తెలీదు, మంచివాడే అనుకుంటాను. ఆయన గోడకానుకుని ఏదో రాసుకుంటున్నంతసేపూ మామ మా ఎదుట జొన్నలమ్మేవాడిగానే ఉన్నాడు. పక్కింట్లో శేరు అడిగి తెమ్మన్నాడు. నిండుగా ముంచి, అరచేత్తో పైన సమంగా తుడిచి, కొలిచి మరీ పోశాడు. అమ్మ కొంగుముడి విప్పి, ఉన్న చిల్లర ఆయన చేతిలో పెడితే కాదనలేదు, అమ్ముకునేవాళ్లు జేబులో వేసుకున్నట్టే వేసుకున్నాడు. మా చిల్లరకు ఎన్ని జొన్నలు వస్తాయి? మిగతా మూటను మూతి కట్టి, భుజానికెత్తుకుని, జొన్నలో జొన్నలు అని కేకవేసుకుంటూ సందు మలుపు తిరిగాడు. నీళ్లు అడగలేదు.

ఆరై వెళ్లిపోయాక అమ్మ చెప్పులు కూడా లేకుండా బస్టాండుకు పరుగెత్తింది. ఆళ్లగడ్డ బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

డబ్బు మంజూరైంది. పోస్ట్‌మాను కేక వేయగానే అమ్మ చెయ్యి తుడుచుకుని వచ్చి, ఫారం మీద వేలు నొక్కి నోట్లు తీసుకునేది. గది అద్దె, కిరసనాయిలు, నా ఫీజు, నా నోటుపుస్తకాలు, ఇంకా మిగిలితే నాకు రిబ్బను. మిల్లు మూసిన నెలల్లో ఆ మనియార్డరే మా కుండ. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను, నేను టీచరునైంది ఆ డబ్బుతోనే. కానీ జొన్నలు ఇప్పుడు అంగట్లోంచి పొట్లంలో వచ్చేవి, కుండలో పోస్తే చప్పుడు కూడా సరిగ్గా వినబడేది కాదు. మామ మళ్లీ రాలేదు.

పోయి చెప్పి రావచ్చు కదా అని ఇప్పుడు మీరనుకుంటారు, నేనూ అప్పుడు అమ్మ మీద విసుక్కుంటూనే ఉండేదాన్ని. అమ్మకు రెండు భయాలు. ఆయన మళ్లీ రాకపోకలు పెట్టుకుంటే ఎవరి కంటనో పడి డబ్బు ఆగిపోతుందని ఒకటి. ఏ మొహం పెట్టుకుని పోవాలని రెండోది. ఆళ్లగడ్డ నుంచి వచ్చినవాళ్లెవరైనా కనిపిస్తే, మా అన్న బాగుండాడా అని అడిగేది, ఉండాడమ్మా అంటే చాలు, అంతకంటే అడిగేది కాదు. బడికి సెలవులిస్తే మా క్లాసు పిల్లలంతా మేనమామల ఊళ్లకు వెళ్లిపోయేవాళ్లు. నేను ఆ ఒంటిగదిలో, మిల్లుకు పోయిన అమ్మ కోసం ఎదురుచూస్తూ, వచ్చేపోయే బస్సుల హారన్లు వింటూ పడుకునేదాన్ని. సాయంత్రం ఆళ్లగడ్డ బస్సు వచ్చే వేళకు అమ్మ ఏ పని చేస్తున్నా చేతులు ఆపేసి వాకిట్లోకి ఒకసారి వచ్చేది. ఏడాదికోసారి మాత్రం ఆ బల్ల దగ్గరికి పోయి, అదే వాక్యం కింద మళ్లీ వేలు పెట్టి వచ్చేది.

ఎనభైలు మొదలైన కొత్తల్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మనియార్డరు ఆగిపోయింది. ఇరుగుపొరుగు వాళ్లు అయ్యో అన్నారు గానీ, అమ్మ మొహంలో అంతటి తేట నేను ఎన్నో ఏళ్లుగా చూడలేదు. ఆ ఆదివారమే ఇద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కాం. దారి పొడుగునా అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి, పాఠం అప్పజెప్పబోయే పిల్ల లాగా.

మామ అరుగు మీద తాడు పేనుకుంటున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. లోపలికి రాండి అని అత్త చెయ్యి పట్టుకున్నా అమ్మ కదల్లేదు, అక్కడే నిలబడి, ఇన్నేళ్లూ మోసినదంతా ఒక్క ఊపిరిలో దింపేసింది.

“అన్నా, ఆ కాయితంలో ఉండేది నువ్వు లేవని కాదంట. నా అన్నవారు అంటే, నావాళ్లు అని అర్థమంట. నావాళ్లు ఎవురూ లేరని రాసిరంట, అంతే.”

మామ చేతిలో తాడు ఆగింది. కోపం లేదు ఆ మొహంలో, ఉంటే బాగుండేది.

“మరి నేను నీవాన్ని గాదా అమ్మా?” అన్నాడు.

అమ్మ అరుగు మీద కూలబడిపోయింది. ఆనాడు తాలూకాఫీసు దగ్గర ఆమె అంతసేపు కాగితం వైపు ఎందుకు చూసిందో నాకు అప్పుడు తెలిసింది. అర్థం ఆమెకు ఆనాడే తలకెక్కింది. అట్లా చదివినా ఇట్లా చదివినా ఆ వాక్యంలో లేకుండా పోయింది ఆయనే.

మామ మనసులో పెట్టుకునే మనిషి కాదు. భోజనం పెట్టించాడు, సాగనంపేటప్పుడు గాదెలోంచి మూటెడు జొన్నలు పోసి బస్సు మీద వేయించాడు. ఆ తర్వాత మా ఇంటికి కూడా నాలుగైదుసార్లు వచ్చాడు. కానీ వచ్చీ రాగానే చుట్టాలు కూర్చున్నట్టు కుర్చీలో కూర్చునేవాడు, ఇచ్చిన మంచినీళ్లు వెంటనే తాగేసేవాడు. మూట సంగతి తర్వాతే. అది చూసిన ప్రతిసారీ అమ్మ వంటింట్లోకి వెళ్లి కాసేపు బయటికి వచ్చేది కాదు. ఆయన కన్నుమూశాక కూడా, మీకెవురుండారమ్మా అని ఎవరడిగినా, మా అన్న ఉండాడు ఆళ్లగడ్డలో అనే చెప్పేది. మతి తప్పిందనుకునేవాళ్లు కొందరు. నేను సరిదిద్దలేదు.

ఇప్పుడు డబ్బు గడప దాకా వస్తోంది, మంచిదే, ముసలివాళ్లు ఎండలో నిలబడే పని తప్పింది. ఆ రోజుల్లో ఆ మాట మాతో చెప్పించడానికి ఒక కాగితం కావలసి వచ్చింది. ఇప్పుడు ఎవరూ రాయమనకుండానే మనుషులు ఒకరి లెక్కలోంచి ఒకరు జారిపోతున్నారు, నవ్వుతూ చెప్పుకుంటున్నారు కూడా. నేను పెళ్లి చేసుకోలేదు, అమ్మ పోయి చాలాకాలమైంది, ఆళ్లగడ్డలో మామ ఇల్లు అమ్మేశారట, ఆయన పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారో కూడా నాకు సరిగ్గా తెలీదు.

మొన్న అవ్వ వేలు ఎట్లాగో ఆనాక, ఆ పింఛన్ల అమ్మాయి మా గేటు దగ్గరికి వచ్చి మంచినీళ్లు అడిగింది. గ్లాసు తిరిగి ఇస్తూ ఇల్లంతా ఒకసారి పరికించి, మీకూ ఎవురూ లేరా మేడం అని అడిగింది. మంచి పిల్ల, మాటవరసకే అడిగింది.

ఆళ్లగడ్డలో మా మామ ఉండాడు పాపా, అని చెప్పాను.