నా పేరొక్కటే ఉన్న కాగితం

నిన్న ఫ్రిస్కోలో మా ఇంటి దగ్గరి పార్కులో మనవరాలు పవర్ కైట్ విప్పబోతుంటే, పార్కు ఉద్యోగి ఒకాయన వచ్చి ఇన్సూరెన్స్ ఉందా అని అడిగాడు. అది ఫోన్ తీసి చూపించింది, ఆయన తలూపి వెళ్లిపోయాడు, అంతా కలిపి నేను చెప్పులో రాయి దులుపుకున్నంతసేపు కూడా పట్టలేదు. అదే రుజువు కోసం నేను తిరిగిన తిరుగుళ్లు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది, కాస్త ఉక్రోషమూ వచ్చింది.

పవర్ కైట్ అంటే మన ఈడువాళ్లం చిన్నప్పుడు ఎగరేసిన కాగితపు పటం కాదు. దుప్పటంత గుడ్డ, నాలుగు దారాలు, రెండు చేతులకూ రెండు పిడులు. గాలి పట్టిందంటే మనిషిని పచ్చిక మీద ఈడ్చుకుపోతుంది. నలభై దాటాక, ఆఫీసులో రోజంతా ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతూ బతికే రోజుల్లో, నేను దానిమీద మనసు పడ్డాను. ఈ వయసులో ఇదేం సరదా అని మావారు నవ్వినకొద్దీ నా పట్టుదల పెరిగింది.

పదిమంది తిరిగే చోట ఎగరేయాలంటే ఇన్సూరెన్స్ చూపాలన్నారు పార్కు ఆఫీసులో. ఓస్, అంతేగా అనుకుని మొదటిసారి హెల్త్ కార్డు, రెండోసారి మావారి జీవిత బీమా కాగితాలు పట్టుకెళ్లాను. కిటికీ వెనకున్న పెద్దావిడ విసుక్కోకుండా, నీకు దెబ్బ తగిలితే కాదు, నీవల్ల ఇంకొకరికి తగిలితే ఎవరు చూసుకుంటారో అది తీసుకురా అని విడమరిచి చెప్పింది. మావాళ్ల క్షేమం కోసం ఇన్ని కాగితాలు దాచుకున్నదాన్ని, ఎదుటి మనిషి గురించి ఆలోచించనే లేదని సిగ్గేసింది. పటాలు ఎగరేసేవాళ్ల సంఘంలో చేరి, సభ్యులకిచ్చే ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ తెచ్చి, అందులో పార్కున్న ఊరి పేరు లేదంటే మళ్లీ రాయించి, నాలుగోసారికి అనుమతి సాధించాను.

ఆ వారమే అదే పార్కులో మా తెలుగు చర్చి పిక్నిక్. మైదానం నిండా పిల్లలు. వాళ్లకు దూరంగా వెళ్లి నేను పటం లేపగానే, మావారి అన్నగారు, చర్చిలో అందరికీ పెద్దదిక్కు, దగ్గరికొచ్చి చెయ్యి చాపారు.

"ఏదీ, ఇటియ్యమ్మా, నేనూ ఓసారి చూస్తా."

పెళ్లయినప్పటినుంచి ఆయన మాటకు ఎదురు చెప్పినదాన్ని కాదు. కానీ అలవాటు లేని చేతుల్లోంచి అది జారి ఏ పిల్లమీదో పడితే, నా కాగితం ఎందుకూ పనికిరాదు.

"తప్పుగా అనుకోకండి బావగారూ, ఇన్సూరెన్స్‌లో నా పేరొక్కటే ఉందండి. ఇవ్వలేను."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, భోజనం ముట్టకుండా కారెక్కారు. మావారు కూడా రెండు రోజులు ముభావంగా తిరిగారు. నేను ఏడ్చాను గానీ, తప్పు చేశానని మాత్రం ఒప్పుకోలేదు.

మూడు నెలల తర్వాత ఒక శనివారం నేను పటం ఎగరేస్తుంటే బావగారు ఒక్కరే ఆ మైదానానికి వచ్చారు. చంకలోని బైబిల్లోంచి మడత కాగితం ఒకటి తీసి నా చేతికిచ్చారు. పటాల సంఘం సర్టిఫికెట్, ఆయన పేరు మీద. మొదటి నుంచి చివరిదాకా చదివాకే పిడులు అందించాను. గాలి లాగేస్తుంటే అరవై ఏళ్ల ఆ పెద్దమనిషి కేకలు పెట్టి నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ కాగితమూ నా కాగితమూ ఇంకా ఒకే ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి. ఇప్పుడంతా ఫోన్‌లోనే అయిపోతోంది, ఎవరి కాగితమూ ఎవరూ కూర్చుని చదవరు. నిన్న మనవరాలి పటం పైకి లేస్తుంటే, ఆయన మళ్లీ వచ్చి అలా చెయ్యి చాపితే ఎంత బాగుండును అనిపించింది. కాగితం లేకుండా వస్తే ఇవ్వను, అది వేరే సంగతి.