చల్లారిన ఇంజనును వినడానికి గోదావరిఖనికి

డెబ్బైల మొదట్లో, ఒక చలికాలం, మా చెల్లెలు సులోచన నుంచి ఉత్తరం వచ్చింది. 'అన్నా, మా కారు పొద్దున స్టార్టు చేస్తే ఇంజను టకటక కొట్టుకుంటున్నది. ఆ సంగతి చెప్పినందుకు డ్రైవరు సత్తయ్య పని పోయేటట్టున్నది. నువ్వొకసారి వచ్చిపో' అని రాసింది. ముప్పై ఏళ్ళు సర్వే శాఖలో కొలతలు రాసి రిటైరైన నాకు కార్ల గురించి తెలిసింది తక్కువ. అయినా, విన్నది విన్నట్టు రాసిపెట్టుకునే అలవాటుంది కాబట్టి బయలుదేరాను.

కాజీపేటలో ఎనిమిదీ పదికి పాసింజరు ఎక్కాను. మూడో తరగతి, కిటికీ పక్క సీటు. జమ్మికుంటలో టీ, పెద్దపల్లిలో రెండు అరటిపండ్లు. ఎదుట కూర్చున్న గని కార్మికుడు చేతి గడియారం చూసి కంగారు పడుతుంటే బండి ఆలస్యం మామూలే కదా అన్నాను.

"రైలు ఆగుతది సారు, మా దగ్గర ఏదీ ఆగది. మూడు షిఫ్టులు. నేను దిగితె ఇంకోడు ఎక్కుతడు, మిషన్ వేడి మీదనే ఉంటది," అన్నాడు.

ఆ మాట ఎందుకో డైరీలో రాసుకున్నాను. రామగుండంలో దిగేసరికి పన్నెండు కావస్తోంది. అక్కడి నుంచి బస్సులో గోదావరిఖని. చేరేసరికి నా తెల్ల చొక్కా ఆ ఊరి రంగుకు వచ్చింది.

మా చెల్లెలి భర్త గనుల్లో పెద్ద అధికారి. భోజనాల దగ్గర విషయం చెప్పాడు.

"నేను రోజూ అదే కార్ల పోత బావా. ఒక్కనాడు చప్పుడు వినలే. రిపేరు షెడ్డుల మూడుసార్లు చూసి శబ్దం లేదని రాసిండ్రు. వీడు నాలుగోసారి గూడ రాసిచ్చిండు. అబద్ధపు ఫిర్యాదు అని మెమో ఇచ్చిన. సోమవారం నుంచి బొగ్గు ఎత్తే పనికి పోతడు."

సత్తయ్యకు పూర్వం గనిలో నడుము దెబ్బతింటే, తేలికపని అని డ్రైవరు ఉద్యోగం ఇచ్చారు. బొగ్గు ఎత్తితే ఆ నడుము వారం కూడా నిలవదని సులోచన మెల్లగా చెప్పింది. ఆ రోజు శుక్రవారం.

శనివారం ఉదయం ఆరూ పదికి, బంగళాలో కారు నిలిపే చోటికి పక్క గదిలో ఉన్న నాకు ఆ చప్పుడు వినిపించింది. తలుపు లోపలి నుంచి సుత్తితో కొట్టినట్టు, ఇరవై రెండు సెకన్లు. తర్వాత ఇంజను సాఫీగా పాడుకుంది. అప్పటికి మా బావ దుప్పటి కిందే ఉన్నాడు.

"ఇంత పొద్దున్నే స్టార్టు చేయడమెందుకు?" అని సత్తయ్యను అడిగాను.

"సారు ఎక్కినంక స్టార్టు చేస్తె మర్యాద గాదు. ఆరింటికే వేడి చేసి పెడత. షెడ్డుకు తీస్కపోయేసరికి ఇంకింత వేడైతది. ఆళ్లకేమో ఇనపడది."

రాత్రి కారు షెడ్డులో ఉంచమంటే, గనిలో ఏదైనా జరిగితే సారు వెళ్ళాలట. మెకానిక్కును బంగళాకు రమ్మంటే, షెడ్డు దాటి పని చేయడం నిబంధనలకు విరుద్ధమట. ఇక మిగిలింది ఒకటే దారి. ఆదివారం పొద్దున, ఏడు దాటాక, ఇంజను ముట్టుకోకుండా కారును షెడ్డుకు తోయడం మొదలుపెట్టాము. సత్తయ్య నడుము వల్ల అతన్ని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టాను. రాత్రి షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళు నలుగురు చేయివేశారు.

"బండి ఖరాబైందా అన్నా?" అని ఒకడు.

"లేదు తమ్మీ, మంచిగనే ఉన్నది. స్టార్టు చేస్తె బాగైతదని నూకుతున్నం," అన్నాడు సత్తయ్య.

"ఆఫీసరు బండి గద. దాని రోగం గూడ అట్లనే ఉంటది."

షెడ్డులో ఖాదర్ మియా అనే ముసలి మెకానిక్కు స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకు, రెండో కొన చెవికి ఆనించాడు. సత్తయ్య తాళం తిప్పాడు. టకటక. నూనె ఒత్తిడి చూపే ముల్లు సున్నా మీద పడుకుంది. ఇరవై సెకన్లకు అది లేచింది, చప్పుడు ఆగింది. మియా ఇంజను ఆపించి, కొలిచే కడ్డీ బయటికి లాగి, నూనెను వేళ్ళ మధ్య రుద్దాడు.

"బొగ్గు లారీలకు పోసే నూనె సాబ్. ఇక్కడ అన్నిటికీ గదే డ్రమ్ము. లారీ ఇంజన్లు సల్లారేది ఎన్నడు? వేడి మీద మంచిగ పారుతది. ఈ కారొక్కటే రాత్రి పంటది. చలిల నూనె బెల్లం పాకమైతది. పైకి ఎక్కేదాంక ఇనుము ఇనుమును కొడతది. పల్చటి నూనె పోసి ఫిల్టరు మారుస్త, ఫికర్ లేదు."

అతను పాత నూనె దించబోతుంటే చేయి పట్టుకున్నాను. "ముందు రాసివ్వు మియా."

"బాగు చేస్తున్న గద, రాసుడెందుకు?"

"బాగు చేస్తే చప్పుడు ఉండదు. చప్పుడు లేకపోతే సత్తయ్య చెప్పింది అబద్ధమే అవుతుంది."

మియా చేతులు తుడుచుకున్నాడు. రిజిస్టరు బీరువాలో ఉంది, ఆదివారం తాళం తీయరు. నా డైరీలోనే విన్నది రాసి, సమయం వేసి, సంతకం చేశాడు.

మధ్యాహ్నం మా బావ నవ్వుతూ వచ్చాడు. "షెడ్డు నుంచి ఫోనొచ్చింది బావా. బండిల చప్పుడే లేదట. నేను చెప్పలే?"

డైరీ తెరిచి ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు. సాయంత్రానికి మెమో వెనక్కి తీసుకున్నాడు. కారణం రాయాల్సిన చోట 'శబ్దమును బంధువులు వినినందున' అని రాశాడు.

మంగళవారం తిరుగు ప్రయాణం. సత్తయ్యే రామగుండం స్టేషనుకు తెచ్చాడు. ఫిర్యాదు వచ్చిన ఏ బండినైనా ఇకమీదట తోసుకుంటూనే షెడ్డుకు తేవాలని కొత్త ఆర్డరు వచ్చిందట.

"నిన్న హారన్ మోగుతలేదని జీపును మైలు దూరం నూకిచ్చిండ్రు సారు," అన్నాడు.

అటువైపు వెళ్ళే పాఠకులకు చెప్పదగినది ఇంతే. ఊరు కష్టజీవుల ఊరు, టీ చిక్కన, తెల్ల బట్టలు వద్దు, సొంత కారు అసలే వద్దు.

రైలు వచ్చింది. సత్తయ్య నా ట్రంకుపెట్టె ఎత్తబోయాడు. వద్దని నేనే ఎత్తుకున్నాను. ఇంత దూరం వచ్చింది ఆ నడుము కోసమే కదా.