కండె నిండేవరకు

ఉదయం ఏడుంపావుకు హిందూపురంలో పాసింజరు ఎక్కాను. సంచిలో నాలుగు వస్తువులు: స్టాప్‌వాచ్, ఒక తల్లి ఇంట్లో నింపిన నమోదు కాగితాలు, ఆమె సంతకం కోసం అంగీకార పత్రం, మా వ్యాసం ప్రతి. మంగళవారంలోగా సవరించి పంపితేనే ఆ వ్యాసాన్ని వేసుకుంటారు.

నేను ఆటిజం ఉన్న పిల్లల కేంద్రంలో పనిచేస్తాను. ప్రవర్తనను గమనించి, కొలిచి, చిన్న మెట్లుగా నేర్పడం మా పని. ధర్మవరం నుంచి ప్రతి శనివారం వచ్చే తొమ్మిదేళ్ల పాపకు ఆగడం నేర్పాం. ఆమెను ఇక్కడ మున్నీ అంటాను. అసలు పేరు కాదు. మాటలు రావు. అడిగింది వెంటనే దొరక్కపోతే తల గోడకు కొట్టుకునేది. కేంద్రంలో ‘ఆగు’ కార్డు చూపి కొన్ని క్షణాలే ఆపేవాళ్లం. నిమిషాల పనంతా ఇంట్లో వాళ్లమ్మది: ఫోన్‌లో రెండు నిమిషాలకు గంట పెట్టాలి, మోగగానే అడిగింది ఇవ్వాలి, తరువాత నాలుగు, తరువాత ఆరు. ఆమె నింపిన కాగితాలతో గీసిన గ్రాఫు మెట్లలా పైకి పోయింది. మాలాంటి వాళ్లు తాము చేసిన పనిని ఒకరికొకరు చెప్పుకునే పత్రికకు దాన్ని పంపాం. సమీక్షకులు రెండు అడిగారు: తల్లి సంతకం, ఆర్నెల్ల తరువాత ఇంటికి వెళ్లి తీసిన లెక్క.

ఎనిమిదికి పెనుకొండలో దిగి, ఆటోలో ఊళ్లోకి వెళ్లాను. వ్యాసం నాతో కలిసి రాసిన మేడమ్ ఇల్లు అక్కడే. ఉగ్గాణి, బజ్జీ పెట్టి, వ్యాసం మీద తన సంతకం చేసి, అడిగారు: “ఏమబ్బా, ఎప్పుడన్నా వాళ్లింటికి పోయినావా?”

“లేదు మేడమ్.”

“నేనూ పోలే. ఇద్దరం కలిసి వ్యాసం మాత్రం రాసినాం.”

తొమ్మిదీ నలభైకి ధర్మవరం బస్సు. పక్క సీట్లో నల్లమాడ ఊరి ఆవిడ, ఒళ్లో శనక్కాయల సంచి. “ఏమప్పా, ఆ కాగితాలేంది, సర్వేనా?” అంది. పిల్లలకు ఆగడం నేర్పుతామన్నాను. “అట్లయితే ముందు మా ఇంటాయనకు నేర్పు. అన్నం నిమిషం ఆలస్యమైతే కంచం ఎగరేస్తాడు,” అని గుప్పెడు కాయలు నా చేతిలో పోసింది. ఆమె నవ్వితే ముందు సీటువాళ్లూ నవ్వారు.

పదకొండుకు దిగాను. మున్నీ వాళ్లది సందు చివర రెండు గదుల ఇల్లు. వాళ్లమ్మ పక్కింటి మగ్గాలకు కండెలు చుట్టి ఇస్తుంది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టానికి రాట్నంతో పట్టుదారం చుడితే అది కండె. మున్నీ నీళ్ల బొమ్మ ఉన్న కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ‘ఆగు’ కార్డు చూపి, ఫోన్ తీసి గంట పెట్టాను. పరీక్షకు పది సెకన్లే.

మోగగానే పాప రెండు చెవులూ మూసుకుని గోడ వైపు పరుగెత్తింది. వాళ్లమ్మ ఒక చేత్తో నా ఫోన్ ఆపి, ఇంకో చేతిని గోడకూ పాప నుదుటికీ మధ్య పెట్టింది. తల ఆ చేతికి తగిలింది. తరువాత ఆమె రాట్నం ముందు కూర్చుని తిప్పసాగింది. మున్నీ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఖాళీ గొట్టం మీద దారం లావవుతుంటే చూస్తూ ఉంది. కండె నిండింది. చెయ్యి చాపింది. వాళ్లమ్మ నీళ్లిచ్చింది.

నా స్టాప్‌వాచ్‌లో నాలుగు నిమిషాల పది సెకన్లు. రెండో కండెకు మూడున్నర.

“అక్కా, ఫోన్ గంట పెట్టలేదా?”

“రెండో దినమే మానేసినా సార్. మీరు కోప్పడతారని చెప్పలే.”

మూలన మంచం మీది అవ్వ అందుకుంది: “ఆ గంటకు నాకే గుండె దడ. పాపను అనేదేముండాది!”

“మరి కాగితాల్లో రెండు, నాలుగు, ఆరు అని రాశారే?”

“కండెకు రెండు నిమిషాల లెక్కన ఏసినా. కండె అని రాయనీకి మీ కాగితంలో గడి యాడుండాది సార్?”

కాగితాలు తిప్పి చూశాను, ఆ గడి లేదు. గ్రాఫులోని ప్రతి చుక్కా తప్పు. అయితే పాప మేం రాసినదానికంటే ఎక్కువసేపే ఆగుతోంది. పద్ధతి మార్చి రాస్తే పాత లెక్కలు పనికిరావు. మంగళవారానికి కొత్తవి రావు. ఏమీ అనకుండా సంతకం తీసుకుంటే వ్యాసం అచ్చవుతుంది. ఆ మాటే ఆమెతో ఉన్నదున్నట్లు చెప్పాను.

“అచ్చయితే ఎవురు చదువుతారు?” అంది.

“నాలాంటి వాళ్లు. చదివి ఇంకో పాపకు అట్లే చేస్తారు.”

ఆమె రాట్నం ఆపింది. “గంట పెట్టే చేస్తారా?”

వ్యాసం తీసి, పద్ధతి రాసిన పేజీని అడ్డంగా కొట్టేశాను. ఆమె అంగీకార పత్రం చదివించుకుని, పాప పేరు ఎక్కడా రాదని రెండుసార్లు అడిగి, అప్పుడు సంతకం చేసింది. భోజనం పెట్టింది. సాయంత్రం దాకా కండెలకు పట్టిన సమయం రాసుకున్నాను: పదకొండు కండెలు, ఏ రెండింటికీ ఒకే లెక్క రాలేదు. అన్నింటికీ మున్నీ ఆగింది.

ఐదున్నరకు హిందూపురం రైలు. కిటికీ పక్కన చోటు దొరికింది. పెనుకొండ రాకముందే మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. “ఇంకో సంవత్సరం పడతాదిలే. మనమూ ఆగుదాం,” అన్నారు.

ఈ పనిమీద ఇళ్లకు వెళ్లేవాళ్లకు ఒకటే చెప్పగలను: వ్యాసం రాయకముందే వెళ్లండి. ఒళ్లో సంచి పెట్టుకుని, దాని మీద కొత్త నమోదు కాగితం గీశాను. తేదీ, అడిగింది, నిమిషాలు. ఆ పక్కన ఇంకో గడి గీసి, పేరు పెట్టకుండా వదిలేశాను. అది ఇంట్లోవాళ్లు పెట్టుకోవలసిన పేరు.