ప్రసంగం కింద పాట

మా బావ ఎలీయాజరు దగ్గర కాసేపు కూర్చుంటే చాలు, షాలిమార్ స్టార్స్ గోల ఎత్తుకుంటాడు. ఎనభైల్లో ఈ బెంగాలీల ఊళ్లో, షాలిమార్ గూడ్స్ యార్డులో పనిచేసే తెలుగు కుర్రాళ్లు కట్టిన బ్యాండది. తెచ్చింది ఒకే ఒక్క ఆల్బమ్, 'ప్లాట్‌ఫారం పిల్ల'. పాడింది మా బావే. ఆ పాట విని ముచ్చటపడే మా నాన్న పిల్లనిచ్చాడని ఆయన వాదన.

"మీ మొహం! నాన్న సూసింది రైలుద్యోగం," అని మా అక్క కాంతం పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన గాలి తీసేస్తూనే ఉంది.

పాట అంత ముచ్చటైనదో కాదో తేల్చుకుందామంటే క్యాసెట్టేదీ? డిసెంబరులో విడుదలైందని మా చర్చి సంఘం వాళ్లంతా క్రిస్మస్ పాటలనుకుని కొనేశారు. ఇంటికెళ్లి పెడితే ఏముంది, పిల్ల నడుము మీద వర్ణన! పారేయడానికి మావాళ్లకి చేతులు రావాయె. మళ్లీ రికార్డు కాకుండా క్యాసెట్టు పైనుంచే చిల్లుల్లో కాగితం కుక్కి, పాటల మీదే ప్రసంగాలు రికార్డు చేసుకున్నారు. అందరికంటే ముందు ఆ పని చేసింది మా నాన్నే, పాస్టరు కదా. బావకి ఒక్కటీ మిగల్లేదు.

మొన్న మా అమ్మాయి షైనీ, సాల్ట్ లేక్‌లో ఉద్యోగం దానిది, చర్చి బీరువా సర్దుతూ నాన్న చేతిరాత ఉన్న క్యాసెట్టొకటి పట్టుకొచ్చింది. పై కాగితం గీరితే కింద షాలిమార్ స్టార్స్! బావ సంబరం చూడాలి. భవానీపూర్‌లో ఎవరో బెంగాలీ దాదాని బతిమాలి టేప్‌రికార్డరు మోసుకొచ్చాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం చుట్టూ చేరాం. పెడితే నాన్న ప్రసంగం. లోకాశల మీద! తిప్పి పెట్టినా అదే. బావ మొహం వాడిపోయింది.

"సూసారా? పాటా లేదు, గీటా లేదు," అంది అక్క.

నాకు ఒళ్లు మండింది. పాపం, ఆ ఒక్క ముచ్చటా మిగల్చదేం ఈ మనిషి?

"ఆపేయనా మావయ్యా?" అని షైనీ చెయ్యి చాపింది. అప్పుడే టేపులో నాన్న ఆమెన్ అన్నాడు. రికార్డింగు ఆపడం మరిచిపోయినట్టున్నాడు, మా అమ్మతో కబుర్లు మొదలెట్టాడు.

"ఇన్నావేటే? మన కాంతం ఈ కేసెట్టు అరిగిపోయేదాకా ఏసుకుంటంది. దాసినా ఎతికి తీత్తంది. అందుకే దీని మీద వాక్యం ఎక్కించేసినాను. పాట నాకేటీ నచ్చలేదు గానీ, పాడినోడెవడో కనుక్కుందాం. పిల్లనిచ్చేత్తే పోద్ది."

టక్కుమని రికార్డింగు ఆగింది. వెంటనే గిటార్లు, వాటి మీద కుర్రతనపు మా బావ గొంతు.

నవ్వలేక చచ్చాను నేను. అక్క మొహం కందిపోయింది. "నాన్నదేటి, ఏదో అనేసుంటాడు. ఆపవే షైనీ!" అంటూ లేచింది. బావ మాత్రం ఆమెనే చూస్తున్నాడు.

ఇంతలో టేపు బరబరమని చరణం మధ్యలో చుట్టుకుపోయింది. తర్వాతి మాటలు బావకే గుర్తు రాలేదు. మిగతా చరణమంతా మా అక్క పాడేసింది.