మారా అనే పేరుతోనే కోలుకున్నాను

ఆ రోజు నల్లపాడు దగ్గర మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే దగ్గు వచ్చింది. మిర్చి పనిలో దగ్గనిదెవరు? "ఘాటుకేలేవే, మంచినీళ్ళు తాగు" అంది పక్కనున్నావిడ. తాగాను. మళ్ళీ దగ్గితే కొంగు మీద రక్తం పడింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది.

గుంటూరు ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు, కళ్ళె పరీక్ష చేశారు. "స్పుటమ్ పాజిటివ్. ఇది ఘాటు కాదమ్మా, టీబీ. ఆర్నెల్లు మాత్రలు మింగాలి. మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది" అన్నారు డాక్టరుగారు. ఊళ్ళో తెలుస్తుందని అక్కడ చాలామంది దొంగపేర్లు చెప్పేవారు. నేను నా పేరే చెప్పాను, మారా అని.

ఆ పేరుకో కథ ఉంది. నాకు ముందు అమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. అలాంటి ఇళ్ళలో తర్వాతి బిడ్డకు పెంటమ్మ అనో పుల్లమ్మ అనో పెడతారు, చావు అసహ్యించుకుని ముట్టకుండా పోతుందని. నాయనమ్మ పెంటమ్మ అనే పెట్టమంది. నాన్న కూలిపని చేసినా బైబిలు చదివిన మనిషి. రూతు కథలో నయోమి భర్తనూ కొడుకులనూ పోగొట్టుకుని, ఇకమీదట నన్ను మారా అనండి అంటుంది. హెబ్రీలో నయోమి అంటే మధురం, మారా అంటే చేదు. "చేదైతే చావు కూడా ఉమ్మేసిద్దిలే" అని నాన్న నాకు ఆ పేరు పెట్టాడు. నేను బతికాను.

నా జబ్బు సంగతి విని ఒంగోలు నుంచి ఒక బోధకుడు వచ్చాడు. "చేదు పేరు పెట్టుకుంటే చేదే వస్తుందమ్మా. నయోమి అని మార్చుకో. మాత్రలు కూడా మానెయ్, విశ్వాసం కనపడాలి."

"రెండూ చెయ్యనండి" అన్నాను.

రెండో నెలలో కళ్ళు పచ్చబడ్డాయి. జాండిస్. "మందులు లివర్ మీద పనిచేశాయి. నేను ఆపుతున్నాను, నువ్వు కాదు. తగ్గాక ఒక్కొక్కటే మొదలుపెడదాం" అన్నారు డాక్టరుగారు. మా పేటలో మాత్రం ఇదంతా నా చేదు పేరు వల్లేనని తీర్పు చెప్పేశారు. తగ్గాక మాత్రలు తెచ్చుకుంటే, ఆ మాటలకు భయపడి అమ్మ దాచేసింది. నాన్న అప్పటికే లేడు. బోధకుడు మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"అయ్యగారూ, నయోమి మారా అనమన్నా ఆ కథలో ఒక్కరైనా అలా పిలిచారా? చివరిదాకా నయోమి అనే ఉంది. బైబిల్లోనే ఇంకోచోట, అడవిలో మారా అనే చోట నీళ్ళు చేదుగా ఉంటే దేవుడు ఆ చోటికి పేరు మార్చాడా? ఒక చెట్టు చూపించి నీళ్ళలో వెయ్యమన్నాడు. నీళ్ళు తియ్యనయ్యాయి, పేరు పేరులాగే ఉంది. నా చెట్టు డాక్టరుగారు చూపించారు. అమ్మా, నా మాత్రలియ్యి!"

అమ్మ లేచి వెళ్ళి బియ్యం డబ్బాలోంచి మాత్రలు తెచ్చి, నీళ్ళ గ్లాసుతో సహా నా చేతిలో పెట్టింది. "మింగవే, మీ నాన్న పెట్టిన పేరు నిలబెట్టు" అంది. ఇద్దరం ఏడ్చాం.

చివరికి స్పుటమ్ నెగెటివ్ వచ్చింది. మిర్చి పని మానేసి కుట్టుపని నేర్చుకుని, ఇప్పుడు ఒంగోలులో బట్టలు కుడుతున్నాను. కొట్టు బోర్డు మీద మారా టైలర్స్ అని పెద్దక్షరాలతో రాయించాను. ఆ బోధకుడి భార్య జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది.

నా మాట ఒక్కటే. ప్రార్థన చేసుకోండి, నేనూ చేశాను. మాత్రలు మాత్రం డాక్టరు ఆపమనేదాకా ఎవరు చెప్పినా ఆపకండి, మీ అమ్మ చెప్పినా సరే.