మా పక్కింటి వికెట్ కీపర్

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. పక్కింటి పెద్దమ్మ కొడుకు. "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు. చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వరండాలో కుర్చీలో కూర్చుందట. కోడలు కూరగాయల బండి దగ్గరికి వెళ్లి వచ్చేసరికి అంతా అయిపోయింది. దవాఖానకు తీసుకువెళ్లే అవసరం కూడా కలిగించలేదు.

షట్టర్ మళ్లీ దించి ఇంటికి వెళ్లాను. వాకిట్లో చేరినవాళ్లు "మంచి మనిషి, ఎవ్వల జోలికి పోకపోతుండె" అనుకుంటున్నారు. నిజమే. కానీ ఆమె ఒకప్పుడు హైదరాబాద్ ఆడవాళ్ల క్రికెట్ జట్టుకు వికెట్ కీపర్ అన్న సంగతి ఆ వాకిట్లో ముగ్గురు నలుగురికి మించి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది బాపట్ల వైపు. మా వారికి ఇక్కడి కాలేజీలో ఉద్యోగం రావడంతో హైదరాబాద్ పక్కన ఈ ఇబ్రహీంపట్నం చేరాం. బస్ డిపో ఎదురుగా నేనొక చిన్న జిరాక్స్ షాపు పెట్టుకున్నాను. పెద్దమ్మతో రెండేళ్లు గోడ మీదుగా పచ్చళ్లు, కరివేపాకు ఇచ్చిపుచ్చుకున్నాక ఒకరోజు ఆమె షాపుకు వచ్చింది. కొంగులోంచి ఒక పాత ఫోటో తీసి, "దీన్ని జర పెద్దగ తీసియ్యి బిడ్డా. మా దోస్తుది ఇల్లు మారేటప్పుడు పోయిందంట" అంది.

తెల్ల స్కర్టుల్లో రెండు వరుసల అమ్మాయిలు. ముందు వరుసలో ప్యాడ్లు కట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్న సన్నటి పిల్లను చూపించి, "ఈ అమ్మాయి ఎవరు పెద్దమ్మా?" అన్నాను.

"నేనే" అంది, చిల్లర కోసం పర్సు వెతుక్కుంటూ.

ఆ రోజు షాపులో గిరాకీని వదిలేసి ఆమెను కూర్చోబెట్టాను. ఆమె పుట్టిల్లు హైదరాబాద్ పాత బస్తీ పక్కన. కాలేజీలో ఉండగా జట్టులోకి తీసుకున్నారట. జట్టు మొత్తానికి మూడే బ్యాట్లు. ఔటైన అమ్మాయి బ్యాట్‌ను దారిలోనే వచ్చేవాళ్ల చేతికిచ్చేది. వేరే ఊళ్లో మ్యాచ్ ఉంటే రైల్లో జనరల్ పెట్టెలో ప్రయాణం, అక్కడ ఏదో స్కూలు గదిలో బెంచీలు జరుపుకుని పడక. స్కర్టులు ఎవరివి వాళ్లే ఉతుక్కుని, ఆరకపోతే తడివే వేసుకుని ఆడేవారట. ఆమె కుడిచేతి చిటికెన వేలు కొద్దిగా వంకర. అది చూపించి, "గిది మద్రాసోళ్ల మ్యాచ్‌ల ఇరిగింది. కట్టు కట్టుకొని మల్ల నిలవడ్డ" అంది. ఆ మాటలో గొప్ప ఏమీ లేదు. పొలంలో కాలికి ముల్లు గుచ్చుకున్న సంగతి చెప్పినట్టే చెప్పింది.

పెళ్లయి ఇక్కడి వ్యవసాయం ఇంట్లోకి వచ్చాక మామగారు ఒక్క సీజన్ ఆడనిచ్చారట. ఆయనే ట్రాక్టర్ మీద బస్సు దాకా దింపేవారట. తర్వాత పిల్లలు, పొలం. హైదరాబాద్ మగవాళ్ల జట్టు రంజీ కప్పు గెలిచిన ఏడు ఆమె ట్రాన్సిస్టర్ పొలం గట్టు మీద పెట్టుకుని వార్తలు విన్నది. "మనోళ్లు గెలిచిన్రని అందరికి చెప్పిన. మా అత్త, మనోళ్లంటే ఎవ్వలే అన్నది" అని నవ్వింది. రాష్ట్రం మారింది, ఆటగాళ్లు మారారు. ఆమెకు మాత్రం చివరిదాకా వాళ్లు మనోళ్లే.

"ఆట మానేసినందుకు బాధ లేదా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఎందుకుండదు? ఉన్నది. గని బాధ పెట్టుకొని కూసుంటే నాట్లు ఆగుతయా?"

మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. వీధిలో పిల్లలతో ఆడుతూ బంతి పట్టడానికి చేతులు బిగించి ముందుకు తోస్తుంటే పెద్దమ్మ గోడ అవతలి నుంచి అరిచింది. "గట్ల గుద్దకు. వచ్చేది బాలు, దొంగ గాదు. రానియ్యి." ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఇద్దరూ మా వెనక ఉన్న అమ్ముడుపోని ప్లాట్లలోకి వెళ్లేవారు. ఆమె చీర చెంగు నడుముకు చుట్టి బంతి విసిరేది. మా పిల్ల హద్దు రాళ్ల మధ్య వంగి పట్టేది. ఏడాది తిరిగేసరికి కాలనీలో మరో ఎనిమిది మంది ఆడపిల్లలు చేరారు. అందరికీ ఒకటే మాట. "కండ్లు బాలు మీద, కాళ్లు నేల మీద. మిగిలింది దానంతట అదే వస్తది."

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా, రాష్ట్ర జట్టుకు పదిహేనేళ్లలోపు ఆడపిల్లల ఎంపికలని తెలిసి, నగరానికి తీసుకువెళ్లాం. పెద్దమ్మ కూడా వచ్చింది. పిల్ల భయపడిపోయింది. చేతికొచ్చిన రెండు క్యాచ్‌లు వదిలేసింది. జాబితాలో పేరు రాలేదు. తిరుగు బస్సులో గ్లౌజుల సంచీని సీటు కిందికి తన్ని, "నేను ఇగ ఆడను" అంది.

పెద్దమ్మ ఓదార్చలేదు. సంచీ పైకి తీసి ఒళ్లో పెట్టుకుని చెప్పింది. "నేను సుత ఇడిసిపెట్టిన. అల్కటి క్యాచ్, చేతులల్లకే వచ్చింది. ఆ పిల్ల తర్వాత దినమంత బ్యాటింగ్ చేసింది, మేం ఓడిపోయినం. మా కెప్టెన్ కాడికి పోయి, రేపు ఇంకెవ్వర్నన్న పెట్టు అక్కా అన్న. ఆమె ఏమన్నదో తెల్సా? ఈ గ్లౌజులు నీకు తప్ప ఎవ్వరికి సరిపోవు, మూసుకొని నిలవడు అన్నది."

మా అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది.

నేను నవ్వలేదు. లోపల ఒక నిర్ణయం తీసుకున్నాను. బస్సు దిగి నడుస్తుంటే మెల్లగా చెప్పాను. "వచ్చే ఏడు పదో తరగతి. ఇక ఆపేద్దాం పెద్దమ్మా."

ఆమె రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. "ఓడిందని ఆపుతున్నవా, ఆడపిల్ల అని ఆపుతున్నవా? ఏదో ఒకటి సక్కగ చెప్పు."

 చదువు అన్నది సాకని నాకూ తెలుసు. ఎండలో నల్లబడుతుందని, బంధువులు అడుగుతారని, వేలు విరిగితే రేపు ఎలా అని, ఇవీ నా లెక్కలు. ఆమె వంకర వేలు నా చేతి మీద వేసింది. "ఒక్క ఏడు ఇయ్యి బిడ్డా. నాకు మా మామ ఇచ్చిండు. తల్లివి, నువ్వు ఇయ్యలేవా?"

ఇచ్చాను. నేను ఇచ్చినవాటిలో అంత మంచిది ఇంకొకటి లేదు.

మరుసటి ఏడు జాబితా నా ఫోన్‌కే వచ్చింది. పెద్దమ్మ ఫోన్‌లో చదవనంది. షాపులో ప్రింట్ తీసి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, పేర్ల మీద వేలు ఆనించి పై నుంచి వచ్చి, మా అమ్మాయి పేరు దగ్గర ఆగింది.

"కీపర్ అని రాసిన్రా?"

"రాశారు పెద్దమ్మా. పక్కనే ఉంది చూడండి."

"అవ్" అంది. చాలాసేపు ఆ కాగితం మడవలేదు.

ఆమె పోయే నాటికి మా అమ్మాయి నగరంలో క్యాంపులో ఉంది. ఫోన్ చేసి చెబితే, "నొప్పి పడ్డదా?" అని ఒక్కటే అడిగింది. లేదన్నాను. మధ్యాహ్నానికి వచ్చి, దహనానికి తీసుకువెళ్లేదాకా పెద్దమ్మ కాళ్ల దగ్గరే కూర్చుంది. రెండో రోజు తనంతట తానే క్యాంపుకు తిరిగి వెళ్లింది.

పదకొండో రోజు కార్యానికి నగరం నుంచి ఐదుగురు పెద్దవాళ్లు ఆటోలో దిగారు. ఆమెతో కలిసి ఆడినవాళ్లట. పెద్దమ్మ కొడుక్కి కూడా వాళ్లెవరో తెలియదు. భోజనాలయ్యాక, "మా కీపర్ పిల్లలకు ఎక్కడ నేర్పేది?" అని అడిగారు. ప్లాట్లలోకి తీసుకువెళ్లాను. ఆడపిల్లలు అప్పుడే ఇటుకలు పేర్చి వికెట్లు పెడుతున్నారు. కార్యానికని వచ్చిన మా అమ్మాయి వాటి వెనక వంగి నిలబడింది.

ఐదుగురిలో ఒకావిడ మోకాలికి బెల్టు కట్టుకుని ఉంది. ఆమె ఒక పిల్ల చేతిలోని బంతి అడిగి తీసుకుంది. కొంగు నడుముకు దోపుకుని రెండే అడుగులు వేసింది. బంతి నెమ్మదిగా గాల్లోకి లేచి, బ్యాట్ ముందు పడి, పక్కకు తిరిగి పై ఇటుకను పడగొట్టింది.

పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. "అమ్మమ్మా, నాకు! ఈసారి నాకు!"

ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది. మిగతా నలుగురు ఎవరూ చెప్పకుండానే కాస్త దూరం జరిగి, ఫీల్డింగ్‌కు నిలబడ్డారు. పొద్దు వాలుతోంది. ఔటైన పిల్ల బ్యాట్‌ను తర్వాతి పిల్లకిచ్చి, పరుగెత్తుకుంటూ వెళ్లి మళ్లీ వరుస చివర నిలబడుతోంది.